మాటల పద్దు

పంపుకి ఎర్రరంగు వేసింది పంచాయతీ మనిషి. డబ్బాలో మిగిలింది వెనక్కి మోసుకెళ్ళడం ఎందుకనుకున్నాడో ఏమో, చుట్టూ ఉన్న సిమెంటు గచ్చుకి కూడా పూసి వెళ్ళిపోయాడు. సుమలత కోడూరు బస్సు దిగి, ఇసుక దిబ్బ మీదుగా పాలెంలోకి వచ్చేసరికి ఆ రంగు ఇంకా ఆరలేదు. ఎవరిదో కోడిపెట్ట దాని మీద నడిచి, గచ్చు దాటి ఇసుకలోకి ఎర్రటి పాదాలు వేసుకుంటూ పోయింది.

రెండువేల రెండో సంవత్సరం, ఏప్రిల్ నెలాఖరు. కాలువలు కట్టేశారు. నడిమిలంక ఊళ్ళో ఎక్కడ గొట్టం దింపినా ఉప్పునీళ్ళే. ఈ దిబ్బ మీద ఒక్కచోట మాత్రం తియ్యటి నీళ్ళు పడతాయి. పాలెం మొత్తం ఇన్నాళ్ళూ తాగింది ఆ పంపు నీళ్ళే. ఆ పంపు పక్కనే సొసైటీవాళ్ళ పాత గోడౌను ఉంది. అందులో ఒకప్పుడు పొలాలకి చల్లే బి.హెచ్.సి. పురుగుమందు పొడి బస్తాలు పేర్చి ఉన్నాయి. ప్రభుత్వమే ఆ మందుని నిషేధించాక వాటిని తీసుకెళ్ళేవాడు లేకపోయాడు. గాలివానలకి పైకప్పు రేకులు లేచిపోయాయి. బస్తాలు చివికాయి. పొడి గట్టిపడి, వాన పడినప్పుడల్లా కొంచెం కొంచెం కరిగి ఇసుకలోకి దిగుతోంది. గాలి అటునుంచి వీస్తే పాలెమంతా ముక్కవాసన.

ఆ పొడిని అక్కడే గొయ్యి తవ్వి పూడ్చెయ్యాలా, లేక లారీలకెత్తి దూరంగా కాల్చే చోటికి పంపాలా అన్నది ఇప్పుడు ప్రభుత్వ శాఖ తేల్చవలసిన సంగతి. తేల్చేముందు ఊరివాళ్ళ మాట వినాలని కొత్త పద్ధతి వచ్చింది. వినడమే కాదు, ఊరివాళ్ళు విషయం తెలుసుకుని మాట్లాడటానికి కొంత డబ్బు కూడా మంజూరైంది. ఆ డబ్బుతోనే ఊరి కమిటీ సుమలతని నిపుణురాలిగా పెట్టుకుంది. ఆమె బందరు ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. పుట్టింది ఈ పాలెంలోనే. కిందటి నెలలో తనే వచ్చి పంపు కాసేపు కొట్టించి, మూతల లోపల రేకు వేసిన గోధుమరంగు సీసాల్లో నీళ్ళు పట్టి, ఐసుపెట్టెలో సర్ది హైదరాబాదు పంపింది. ఫలితం వచ్చింది. ఉండకూడని మందు, ఉండకూడనంత ఉంది.

రిపోర్టు చివర ఆమె రెండు వాక్యాలు రాసింది. ఈ పంపు నీళ్ళు ఎవరూ తాగకూడదు. వెంటనే వేరే మంచినీళ్ళు ఏర్పాటు చెయ్యాలి.

మొదటి వాక్యం మాత్రం అమలైంది: ముందు పంపు ఆపేశారు, ఇవాళ తాగొద్దనే గుర్తుగా ఎర్రరంగు వేశారు.

మార్తమ్మ ఊరివైపు నుంచి వచ్చింది. నడుం మీద బిందె సగానికి పైన ఖాళీగా ఉంది. కూతుర్ని చూసి ముఖం విప్పారింది. బిందె దించి, పాతచీర గుడ్డ కుండ మూతికి కట్టి, బొట్టు కింద పడకుండా వంపుకుంది. గుడ్డ పిండి ఆ నీళ్ళని కూడా కుండలోకే వదిలింది. అప్పుడు గ్లాసుడు ముంచి సుమలతకి ఇచ్చింది.

సుమలత హ్యాండ్‌బ్యాగులో బస్టాండులో కొన్న నీళ్ళ సీసా ఉంది. దాన్ని బయటికి తియ్యలేకపోయింది. సగం తాగి గ్లాసు తిరిగి ఇచ్చింది. మిగతా సగం మార్తమ్మ తాగింది.

"ఇంతసేపు పట్టిందేంటమ్మా?"

"ఊరి చెరువు కుళాయి దగ్గర వాళ్ళందరూ పట్టుకున్నాక మాకు వదులుతున్నారు. బిందె కుళాయికి తగలకూడదంట, ఎత్తి పట్టుకోవాలంట. మీ నీళ్ళల్లో మందుంది, మీ బిందెలకీ అంటుకునుంటది అంటన్నారు."

పక్కింటి ఆనందమ్మ దడి మీదుగా తొంగిచూసింది. ఆమె చేతిలో పాలక్యాను ఉంది. మూత తియ్యకుండానే అది నిండుగా ఉందని పట్టుకున్న తీరులో తెలుస్తోంది.

"పాలకేంద్రంవాళ్ళు ఇయ్యాళ కూడా వద్దన్నారు సుమలతా. పాలెం గేదెలు ఏ నీళ్ళు తాగుతున్నాయో తెలీదన్నారు," అంది. ఆ గొంతులో కోపం లేదు. "ఇదివరకు ఊరికినే దూరంగా ఉండమనేవోళ్ళు. ఇప్పుడు కారణం చూపిస్తన్నారు."

రిపోర్టు కింద సంతకం సుమలతది. ఆనందమ్మ ఆ మాట అనలేదు. అనకుండానే క్యాను భుజానికెత్తుకుని, దారిలో కనిపించిన ప్రతి పిల్లవాణ్ణీ గ్లాసు తెచ్చుకోమని కేకేస్తూ వెళ్ళింది.

*

మర్నాడు కమిటీ గోవర్ధనరావుగారి వసారాలో కూర్చుంది. ఆయన సొసైటీ ప్రెసిడెంటు, కమిటీకీ ఆయనే పెద్ద. వరిపొలం తీసేసి చేపల చెరువులు తవ్వించిన మనిషి. శాఖ దగ్గరికి నాలుగైదుసార్లు తిరిగి ఈ డబ్బు ఊరికి వచ్చేలా చూసింది కూడా ఆయనే. సుమలతని చూసి లేచి నిలబడి, "రండి మేడంగారూ," అని కుర్చీ చూపించాడు. చిన్నప్పుడు ఆమె ఈ వసారా అంచున నిలబడి, తల్లి ధాన్యం చెరిగి వచ్చేదాకా ఎదురుచూసేది. అప్పుడు ఆయన ఆమెని ఏమని పిలిచేవాడో ఇద్దరికీ గుర్తే.

పాలెం తరపు సభ్యుడు మత్తయి అప్పటికే వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. పక్కన ఖాళీ కుర్చీ ఉన్నా అతను దానివైపు చూడలేదు. గోవర్ధనరావు భార్య ఇందిర టీ తెచ్చింది. సుమలతకి స్టీలు గ్లాసులో, మత్తయికి పారేసే ప్లాస్టిక్ గ్లాసులో. సుమలత గ్లాసు పట్టుకుని కూర్చుంది. అది చల్లారిపోయింది.

శాఖవాళ్ళు ఊరి మాట వినే మీటింగు మంగళవారం. ఊళ్ళోనే పెడతారనుకున్నది, ఎండల వల్ల బందరులోని ఆఫీసు హాలుకి మార్చారు. కాబట్టి బస్సు మాట్లాడాలి. భోజనం పొట్లాలు చెప్పాలి. కూలి మానుకుని వచ్చేవాళ్ళకి ఆ రోజు కూలి ఇవ్వాలి. అన్నిటికీ డబ్బు ఉందని గోవర్ధనరావు చెప్పాడు.

"అన్నీ పోగా ఇంకా మిగులుతుంది కదండీ," అంది సుమలత. "మీటింగు అయ్యేదాకా పాలేనికి రోజూ ఒక ట్యాంకరు తెప్పించండి. అవనిగడ్డలో దొరుకుతుంది."

"అడిగానమ్మా. మీరు అనుకున్నట్టే నేనూ అనుకుని ఆఫీసుకి ఫోన్ చేశాను." మేడంగారు పోయి అమ్మా వచ్చింది; ఆయనకి తెలియకుండానే వచ్చింది. "వీల్లేదన్నారు. ఈ డబ్బు మాట్లాడ్డానికి. తాగడానికి వేరే పద్దు ఉందట."

"మరి ఆ పద్దులోంచి?"

"అందులో డబ్బు లేదట."

మత్తయి ప్లాస్టిక్ గ్లాసుని రెండు వేళ్ళతో నొక్కి వదిలాడు. అది టిక్కుమంది.

"బాబుగారూ, మేం అక్కడికొచ్చి మాట్లాడితే ఆ బస్తాలు లారీ ఎక్కుతాయంటారా?"

"మాట్లాడితేనే కదా మత్తయీ తెలిసేది," అన్నాడు గోవర్ధనరావు. తర్వాత తన గేటు అవతలికి చూశాడు. అక్కడినుంచి చెరువుగట్లు కనిపిస్తాయి. "మేడంగారూ, మీరు చెప్పవలసింది చెప్పండి. నేను కాదనను. కాస్త మెత్తగా చెప్పండి. పాలకేంద్రం సంగతి విన్నారుగా. రేపు పేపర్లో నడిమిలంక నీళ్ళు విషం అని పడితే ఇక్కడి చేప ఎవడు కొంటాడు? ఎంత తొందరగా ఆ పీడని పూడ్చేస్తే అంత మంచిదనిపిస్తోంది ఒక్కోసారి."

"పూడిస్తే అది కిందికే దిగుతుందండీ. దిబ్బ మీద చేతిలోతున నీళ్ళున్నాయి."

"సిమెంటు వరలు దించి కడతారట కదా."

"సిమెంటు ఎన్నాళ్ళుంటుంది?"

ఆయన కావాలని ఎవరికీ చెడు చేసే మనిషి కాదని సుమలతకి తెలుసు. ఆయన వసారాలో కూర్చున్నంతసేపూ ఆమెని భయపెట్టింది అదే.

*

ఆదివారం ఆరాధన అయ్యాక సుమలత ఆడవాళ్ళని చర్చి నీడలో కూర్చోబెట్టింది. రేడియోలో బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారు. ఆకాశం మబ్బు పట్టలేదు గానీ ఎండకి రంగు మారింది. గాలి ఒక్కోసారి ఆగిపోయి, మళ్ళీ ఒక్కసారిగా గోడౌను మీదినుంచి విసురుగా వచ్చేది. వచ్చినప్పుడు అందరూ మాట ఆపి, పోయేదాకా ఊపిరి బిగపట్టి, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. ఇలా చెయ్యడం వాళ్ళకి అలవాటైపోయిందని, తనకీ ఒకప్పుడు అలవాటేనని సుమలతకి అప్పుడే తట్టింది.

"అందరూ లేవక్కర్లేదు. నలుగురు లేచినా చాలు. మీకు తెలిసింది చెప్పండి. భయపడకుండా, ఆఫీసరు ముఖంలోకి చూసి చెప్పండి. అమ్మా, నువ్వు మొదలుపెట్టు."

మార్తమ్మ లేచి నిలబడింది. స్త్రీల సమాజంలో ప్రార్థన నడిపే గొంతు ఆమెది. ముందు తడబడింది, తర్వాత నిలదొక్కుకుంది.

"అయ్యా, ఆ పొడి మా పొలాల కోసం తెచ్చింది కాదు, మాకు పొలాల్లేవు. చల్లింది మాత్రం మేమే. చేతుల్తో చల్లాం. చేతులు కడుక్కుంది ఆ పంపు దగ్గరే. ఇప్పుడు మా పంపు మూసేశారు. దాన్ని మా కాళ్ళ కింద పూడ్చొద్దు. ఎక్కడినించి తెచ్చారో అక్కడికి పట్టుకుపోండి. పట్టుకుపోయేదాకా మాకు నీళ్ళివ్వండి. అంతే అయ్యా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకావిడ ముక్కు చీదుకుంది. సుమలత, "ఇదే మాట. ఒక్క అక్షరం మార్చకు," అంది.

ఆనందమ్మ ఇసుకలో పుల్లతో గీస్తూ అడిగింది. "ఆ ఆఫీసులో కుళాయి ఉందా?"

"ఉంది. గేటు పక్కనే. పొద్దస్తమానం వస్తూనే ఉంటుంది," అంది సుమలత, అక్కడ దాహమేస్తే ఎలా అని అడుగుతోందనుకుని.

సాయంత్రం బస్సుకి ఆమె బందరు వెళ్ళిపోయింది. సోమవారం కాలేజీలో పరీక్షల డ్యూటీ ఉంది.

*

మంగళవారం ఆఫీసు గేటు దగ్గర సుమలత ముందుగానే నిలబడింది. గోవర్ధనరావు తన కారులో వచ్చి, వాచీ చూసుకుంటూ ఆమె పక్కన నిలబడ్డాడు. బస్సు వచ్చింది. ముందు మత్తయి దిగాడు. అతని వెనక మార్తమ్మ దిగింది. చంకలో ఖాళీ బిందె. ఆమె వెనక ఆనందమ్మ, ఆమెకి రెండు. దిగిన ప్రతి మనిషి చేతిలోనూ బిందో, క్యానో, మూతపోయిన నూనెడబ్బానో ఏదో ఒకటి ఉంది.

"ఇవేంటి?" అన్నాడు వాచ్‌మన్.

"ఖాళీవే బాబూ," అంది మార్తమ్మ.

గోవర్ధనరావు ముఖం ఎర్రబడింది. సుమలతకి మొదట సంతోషం వేసింది. ఖాళీ బిందెలు చూపించి అడుగుదామని తల్లికి తట్టినందుకు గర్వపడింది. తనకి తట్టలేదు కదా అనుకుంది.

వాచ్‌మన్ బిందెల్ని లోపలికి రానివ్వలేదు. వరండాలో గోడవారగా పెట్టించాడు. హాల్లో ఫాన్లు తిరుగుతున్నాయి. బల్ల వెనక పెద్ద ఆఫీసరు, పక్కన ఇంజనీరు. ఇంజనీరు లేచి గొయ్యి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఎంత లోతు, ఎన్ని వరలు, పైన ఎంత మందాన కాంక్రీటు. తెలుగులోనే చెప్పాడు. మాటలన్నీ అర్థమయ్యేవే. ఆయన సగంలో ఉండగా ఆనందమ్మ లేచి బయటికి వెళ్ళింది. కాసేపటికి ఆమె వెనక వరసలోని ఇద్దరు వెళ్ళారు. చెప్పులు చప్పుడు కాకుండా ఒకరి తర్వాత ఒకరు, అడ్డం వచ్చినవాళ్ళ మోకాళ్ళు తప్పించుకుంటూ వెళ్ళారు. మార్తమ్మ లేచినప్పుడు సుమలత చెయ్యి పట్టుకోబోయింది. మార్తమ్మ ఆ చేతిని మెల్లగా నిమిరి, వదిలించుకుని వెళ్ళింది.

"ఇప్పుడు ప్రజలు తమ అభిప్రాయం చెప్పవచ్చు," అన్నాడు ఆఫీసరు.

పాలెం వరసలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఊరినుంచి వచ్చిన రైతులు కొందరు కూర్చున్నారు. వాళ్ళు గోవర్ధనరావువైపు చూశారు. ఆయన తన అరచేతుల్లోకి చూసుకున్నాడు.

సుమలత లేచింది. "సార్, నేను చెప్తాను."

"మీ రిపోర్టు మా దగ్గరుంది మేడం. మీరు కమిటీ పెట్టుకున్న నిపుణులు. ఇప్పుడు మాట్లాడాల్సింది ప్రజలు."

"నేను పుట్టింది ఆ పాలెంలోనే."

"మీ ఓటెక్కడుందండీ?"

"బందర్లో," అంది ఆమె.

ఆఫీసరు మర్యాదగా తలూపాడు. గోవర్ధనరావు సగం లేచి, "పాలెంవాళ్ళు బయటున్నట్టున్నారు సార్, కాస్త పిలిపిస్తే," అని అక్కడికి ఆపాడు. "పిలవండి, వింటాం," అన్నాడు ఆఫీసరు.

సుమలత దాదాపు పరుగెత్తింది. గేటు పక్క కుళాయి దగ్గర బిందెలు బారుగా ఉన్నాయి. కుళాయికి ఎవరో రబ్బరు గొట్టం తగిలించారు. మార్తమ్మ వంగి ఆ గొట్టాన్ని ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి మారుస్తోంది. మారుస్తున్నప్పుడు గొట్టం మడిచి పట్టుకుంటోంది, ఒక్క చుక్క కింద పోకుండా. నిండినవాటిని మత్తయి బస్సు మెట్ల మీదినుంచి లోపలికి అందుకుంటున్నాడు.

"అమ్మా, లోపల పిలుస్తున్నారు. రా."

"వస్తా. ఇది నిండనీ."

"తర్వాత పట్టుకోవచ్చు. మీరు లేకపోతే అభ్యంతరం లేదని రాసేసుకుంటారు."

"రాసుకుంటారు," అంది మార్తమ్మ, తలెత్తకుండా. "వాచ్‌మను మనసు మారకముందే పట్టుకోవాలి. ఇంకా సగం మందివి ఉన్నాయి."

"మొన్న అంత బాగా చెప్పావు. ఆ నాలుగు ముక్కలు చెప్పి వచ్చెయ్."

మార్తమ్మ గొట్టం మడిచింది. పక్క బిందెలో పెట్టి వదిలింది. "నువ్వెళ్ళి చెప్పు అమ్మాయ్. నువ్వు చదువుకున్నావు."

సుమలత తిరిగి హాల్లోకి వెళ్ళేసరికి ఇంజనీరు కాగితాలు సర్దుతున్నాడు. ప్రజలకి తగిన అవకాశం ఇచ్చామని, అభ్యంతరాలేవీ వ్యక్తం కాలేదని ఆఫీసరు చెప్పి సభ ముగించాడు. భోజనం పొట్లాలు వచ్చాయని ఎవరో అన్నారు.

*

తిరుగు ప్రయాణంలో ఆమె కూడా బస్సెక్కింది. ఎందుకెక్కిందో ఆమెకే తెలియదు. తల్లితో తగవు పడటానికేనేమో. బస్సు నిండా బిందెలే. సీట్ల కింద, నడిచే దారిలో, ఒళ్ళో. కాళ్ళు పెట్టే చోటు లేక ఆడవాళ్ళు సీట్ల మీదికి ముడుచుకుని కూర్చున్నారు. గతుకు వచ్చినప్పుడల్లా అందరి చేతులూ ఒకేసారి బిందెల మూతుల మీదికి వెళ్ళేవి. డ్రైవరు మొదట విసుక్కున్నాడు. చల్లపల్లి దాటాక అతనే గతుకు ముందు, "పట్టుకోండమ్మా," అని చెప్పడం మొదలుపెట్టాడు.

సుమలత, తల్లి పక్కన కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. మోపిదేవి దగ్గర ఇక ఆగలేకపోయింది.

"ఒక్కరు. ఒక్కరు లేచి ఒక్కమాట అనుంటే వాళ్ళు అలా రాసుకోగలిగేవాళ్ళు కాదు. నీళ్ళు రెండు రోజులొస్తాయి. తర్వాత?"

మార్తమ్మ తన పొట్లం విప్పి సగం ఆమెకి పెట్టింది. సుమలత తీసుకోలేదు.

"నోరు లేనివాళ్ళనుకుంటారని మీకు నోరిప్పించడానికి నేను ఎంత..." ఆమె మళ్ళీ కిటికీవైపు తిరిగింది.

"తిను. దిగాక మాట్లాడుకుందాం," అంది మార్తమ్మ.

నడిమిలంక చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆకాశం దక్షిణం వైపు నల్లబడింది. బస్సు పాలెం మలుపు దగ్గరే ఆగిపోయింది. దారికి అడ్డంగా సిమెంటు వరలు పేర్చి ఉన్నాయి, మనిషెత్తున, పంపు దాకా బారుగా. ఒక వరకి ఎవరో దూడని కట్టేశారు. దూడ చుట్టూ ఉన్న పేడ ఎండిపోయి ఉంది.

సుమలత దిగి నిలబడిపోయింది.

గోడౌను వెనక సున్నంతో గీసిన గీత. గీతలోపల గొయ్యి. ఆమె అంచుకి వెళ్ళి వంగి చూసింది. అడుగున అప్పుడే నీళ్ళు ఊరాయి. తేటగా ఉన్నాయి. గోడౌను తలుపు ఊడదీసి ఉంది. బస్తాలు సగం బయటికి వచ్చేశాయి. మోసేటప్పుడు చిరిగినవి చిరిగినట్టే గొయ్యి ఒడ్డున పడి ఉన్నాయి. వాటిలోంచి బూడిదరంగు పొడి ఇసుక మీదికి కారింది. మోసినవాళ్ళు పని ఆపి, తువ్వాళ్ళు దులుపుకుంటూ వెళ్ళిపోతున్నారు.

"ఎప్పుడు దింపారు ఇవన్నీ?"

"నిన్న పొద్దున," అన్నాడు మత్తయి. "మీటింగు రేపు కదయ్యా అన్నాను కాంట్రాక్టరుతో. మీటింగు మీటింగే, పని పనే అన్నాడు. రాత్రంతా కూర్చుని అందరం అనుకున్నాం. బస్సు ఎటూ వస్తందిగదా, పోనీ నీళ్ళన్నా తెచ్చుకుందామని."

సుమలత తల్లివైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదమ్మా? గేటు దగ్గర ఒక్కమాట..."

"చెబితే నీకూ నోరు పెగలదని," అంది మార్తమ్మ. "నువ్వన్నా మాట్లాడతావని చెప్పలేదు. నీకు చదువు చెప్పించుకుంది అందుకే కదా. నిన్నూ మాట్లాడనివ్వరని నాకేం తెలుసు?"

ఆ మాట ఆమె ఏ దెప్పిపొడుపూ లేకుండా అంది. సుమలత వెళ్ళి బస్సులోంచి ఒక నిండు బిందె అందుకుంది. ఎన్నేళ్ళో అయింది బిందె ఎత్తి. నడుం మీద నిలవక జారింది. మార్తమ్మ వెనకనించి కొంచెం పైకి నెట్టి సరిచేసింది.

ఆడవాళ్ళు వరలని తప్పించుకుంటూ, గొయ్యి పక్కనించి ఒకరి వెనక ఒకరు నడిచారు. అప్పుడు దక్షిణం గాలి లేచింది. చిరిగిన బస్తాల మీద పొడి కదిలింది, లేచింది, తెరలా వాళ్ళవైపు తిరిగింది.

"కప్పుకోండి," అని అరిచింది ముందు నడుస్తున్న ఆనందమ్మ.

ఆడవాళ్ళందరూ చీరచెంగులు లాగి బిందెల మూతుల మీద కప్పి, అరచేతులతో అదిమి పట్టుకున్నారు. సుమలత ముక్కుకి అడ్డం పెట్టుకోబోయిన చెంగుని ఒక్క క్షణం చేతిలోనే పట్టుకుని నిలబడింది. తర్వాత ఆమె కూడా దాన్ని బిందె మీద కప్పింది. ముఖాలు గాలికి వదిలేసి, కళ్ళు మూసుకుని, వాళ్ళు ఇళ్ళవైపు నడిచారు.